పడవలోకి ఏ ప్యాంటు వేసుకోవాలి? మేనకోడలికి ఉత్తరం

చెన్నై

అమ్మడూ,

సెయిలింగ్ క్లాసులో చేరావని మీ నాన్న చెప్పగానే చాలా సంతోషం వేసింది. ఏ ప్యాంటు కొనాలో తేలక టెన్షన్ పడుతున్నావని నిన్న నీ గొంతులోనే తెలిసింది. ఫోన్లో చెబితే సగం జారిపోతుంది, అందుకే రాస్తున్నాను.

షాపులో ఏ ప్యాంటైనా పొడిగా ఉంటుంది, అద్దంలో బాగానే కనిపిస్తుంది. డింగీ అనే చిన్న తెరచాప పడవలోకి ఎక్కిన కాసేపటికే అది తడుస్తుంది, మళ్లీ ఒడ్డుకు వచ్చేదాకా తడిగానే ఉంటుంది. అందుకని తడిసిన ప్యాంటు నీతో ఎలా ఉంటుందో చూసి కొను. రంగు, మోడలు, బ్రాండు అన్నీ దాని తర్వాతే.

జీన్స్ మాత్రం వద్దు. నీకు ఎంత ఇష్టమో తెలుసు, అయినా వద్దు. మామూలుగా గాలిలో ఉండే తేమనే జీన్స్ కుట్టే నూలు గుడ్డ తన బరువులో 8 శాతం దాకా పీల్చుకుంటుంది. నైలాన్ 4 శాతం దాకా పీల్చుకుంటుంది, పాలిస్టర్ అయితే అర శాతం కూడా పీల్చదు. గాలిలోనే ఇంత తేడా ఉంటే ఇక నీళ్లలో ముంచితే చెప్పాలా! నీళ్లలో ఈదుతున్నంతసేపు ఆ బరువు తెలియదు, నీళ్లే మోస్తాయి. పడవ బోల్తా పడ్డాక సెంటర్‌బోర్డు, అంటే పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక మీద నిలబడి దాన్ని తిరగేసి, మళ్లీ లోపలికి ఎక్కాలి చూడు, అప్పుడు తెలుస్తుంది. చేతులు అప్పటికే అలసిపోయి ఉంటాయి. తడి జీన్స్ మోకాళ్ల దగ్గర బిగిసిపోయి కాలు పైకి లేవనివ్వదు. కొత్తవాళ్లకి బోల్తా పడటం, లేవడం మొదట్లోనే నేర్పిస్తారు కాబట్టి ఇది ఎప్పుడో జరిగే సంగతి అనుకోకు. పైగా జీన్స్ జేబుల దగ్గరుండే రాగి గుండీలు పడవ పైపూతను గీకేస్తాయి. క్లబ్బు పడవను అలా పాడుచేస్తే ఎవరికైనా కోపం వస్తుంది.

కాళ్లు పూర్తిగా కప్పే ప్యాంటే ఎందుకంటున్నానో చెబుతాను. ఒడ్డున నిలబడితే ఎండ ఎక్కువగా తల మీద, భుజాల మీద పడుతుంది. పడవలో కూర్చుంటాం కాబట్టి తొడలు, మోకాళ్లు నేరుగా ఎండకు ఎదురుగా ఉంటాయి. నీళ్ల మీంచి తిరిగొచ్చే వెలుగు వేరే. వట్టి షార్ట్స్ వేసుకుని మధ్యాహ్నమంతా తిరిగినవాళ్లకి రాత్రి దుప్పటి తగిలినా మోకాళ్లు మండుతాయి. క్రీము రాసుకున్నా సముద్రపు నీళ్లు కడిగేస్తూ ఉంటాయి. గుడ్డ మీద యూపీఎఫ్ 50 అని రాసి ఉంటే, అతినీలలోహిత కిరణాల్లో యాభైవ వంతే లోపలికి వస్తాయని అర్థం. పల్చటి నూలు ప్యాంటు తడిస్తే ఎండను ఇంకా తక్కువ ఆపుతుంది.

నేను నీకు చెప్పేది ఇది. లోపల మడమల దాకా వచ్చే నైలాన్ లేదా పాలిస్టర్ లెగ్గింగ్స్, పైన మోకాళ్ల దాకా గట్టి గుడ్డతో కుట్టిన షార్ట్స్. లెగ్గింగ్స్ ఎండను, ఒరుసుకోవడాన్ని ఆపుతాయి, షార్ట్స్ లెగ్గింగ్స్‌ను కాపాడతాయి. కాలు జారకుండా పడవ డెక్‌ను గరుగ్గా చేసి ఉంచుతారు, అది గుడ్డని గరుకు కాగితంలా తినేస్తుంది. ట్యాక్ చేసినప్పుడల్లా, అంటే గాలికి ఎదురుగా పడవ దిశ మార్చినప్పుడల్లా, తెరచాప అడుగునుండే బూమ్ అనే అడ్డకర్ర కింద నుంచి అటు నుంచి ఇటు జరుగుతాం కదా, ఏ ప్యాంటైనా ముందు చిరిగేది కూర్చునే చోటే. అక్కడ రెండు పొరలు ఉన్నది వెతుకు. దొరకకపోతే పాండీ బజార్‌లో మంచి పాలిస్టర్ షార్ట్స్ కొని, వెనకాల అదే రకం గుడ్డతో పెద్ద అతుకు వేయించు. దారం కూడా పాలిస్టర్‌దే అడుగు. నూలు దారం ఎప్పుడూ తడిలో నానితే కుట్లు తొందరగా ఊడిపోతాయి.

అతుకు అంచు తొడ వెనక సరిగ్గా పడవ అంచు నొక్కే చోట పడకూడదు. మందపాటి కుట్టు ఏదైనా అక్కడ ఉందంటే గంటలో చర్మం కందిపోతుంది. కాళ్ల మధ్య కలిసే చోట నాలుగు కుట్లు ఒకే దగ్గర చేరకుండా విడిగా ఒక ముక్క వేసి కుట్టినవి మేలు, మఠం వేసుకున్నా చిరగవు. లైఫ్ జాకెట్‌కి కాళ్ల మధ్య పట్టీ ఉంటే ఆ సుఖం ఇంకా బాగా తెలుస్తుంది.

నడుముకి ఎలాస్టిక్, లోపల నాడా చాలు. బెల్టు వద్దు, దాని బకిల్ లైఫ్ జాకెట్ కింద పొట్టలోకి గుచ్చుకుంటుంది. ఎలాస్టిక్ ఒక్కటే ఉంటే నీళ్లలోంచి పైకి ఎక్కేటప్పుడు తడి బరువుకి ప్యాంటు జారుతుంది, నాడా మర్చిపోకు. జిప్ ఉంటే ప్లాస్టిక్‌దే, ఇనుముదైతే ఉప్పుకి తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. జేబు అడుగున నీళ్లు కారిపోయేలా జాలీ ఉండాలి. చీలమండ దగ్గర వదులుగా వేలాడేది ఏదీ వద్దు, తాడో, తాడు బిగించే క్లీటో పట్టుకుందంటే కీలకమైన క్షణంలో కదల్లేవు. తెల్లరంగు తడిస్తే లోపలిదంతా కనిపిస్తుంది. ఆడపిల్లలకి ఈ మాట ఎవరూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను.

కాశిమేడులో చేపలవాళ్లు నిక్కర్లతో, మడిచి కట్టిన లుంగీలతో వెళ్లడం లేదా అని ఎవరైనా అంటారు. వాళ్లది నిలబడి వల లాగే పని. నువ్వు పడవ అంచు మీద కూర్చుని, కాళ్లు పట్టీ కింద ఇరికించి, ఒళ్లంతా బయటికి వాల్చాలి. బరువంతా తొడల మీదే పడుతుంది. మన చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ టోక్యోలోనూ పారిస్‌లోనూ ఒలింపిక్స్‌లో పోటీ చేసిన, ఒక్కరే నడిపే పడవ ఆ రకానిదే. అలా బయటికి వాలడాన్నే హైకింగ్ అంటారు, దానికోసం తొడల వెనక గట్టి బద్దలు పెట్టిన హైకింగ్ ప్యాంట్లు ఉంటాయి. ఖరీదైనవి, మన వేడికి మందం కూడా ఎక్కువే. రేసుల్లో దిగేదాకా నీకు అవసరం లేదు. ఆ తర్వాత కూడా మోకాళ్ల దాకా ఉండేవే తీసుకో.

ఇంటర్నెట్‌లో చూసి, భుజాల మీదుగా పట్టీలున్న వాటర్‌ప్రూఫ్ ప్యాంటు కొనబోకు. అవి చలిదేశాల సముద్రాలకి. ఇక్కడ నీళ్లే దాదాపు 28 డిగ్రీలు ఉంటాయి, ఆ ప్యాంటులో నీ చెమటే నిన్ను తడిపేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానల్లో పెద్ద పడవ మీద చాలాసేపు కూర్చోవాల్సి వస్తే మాత్రం గాలి, తుంపర ఆపే పల్చటిది ఒకటి బ్యాగులో ఉండాలి. తడి ఒంటికి గాలి తగిలితే చెన్నైలో కూడా వణుకు వస్తుంది.

ట్రయల్ రూములో నిలబడి చూసుకుని వచ్చేయకు. గొంతుక్కూర్చో, ఒక కాలు బల్ల మీద పెట్టు, నేల మీద కాళ్లు చాపి ముందుకు వంగు. వెనక నడుము దగ్గర జారినా, మోకాళ్ల దగ్గర పట్టినా వదిలెయ్. ఇంటికి తెచ్చాక బకెట్లో ముంచి, తడిగానే వేసుకుని ఇంట్లో కాసేపు తిరుగు. తర్వాత ఫ్యాను కింద ఆరేయి. గంటన్నరకి కూడా నీళ్లు కారుతుంటే అది పనికిరాదు.

వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లలో జాడించాలి. ఉప్పు గుడ్డలో ఉండిపోతే గాలిలోని తేమని లాగుతూనే ఉంటుంది, ఎంత ఆరేసినా జిగటగానే తగులుతుంది. దురద, పొక్కులు దానివల్లే ఎక్కువ. నీడలో ఆరేయి, సాగే గుడ్డని ఎండ త్వరగా పాడుచేస్తుంది. మెత్తదనం కోసం పోసే ఆ వాసన ద్రావకం వాడకు, చెమటని బయటికి పంపే గుణం పోతుంది.

షార్ట్స్ కొన్నాక అతుకు వేయించకుండా ఉంచు. ఆదివారం పొద్దున ఇటు రా, మా వీధి టైలర్ దగ్గరికి ఇద్దరం వెళ్దాం. నువ్వు పడవలో ఎలా కూర్చుంటావో అక్కడే కుర్చీ అంచు మీద కూర్చుని చూపిస్తే, అతుకు ఎక్కడి దాకా రావాలో ఆయన సుద్దతో గీసుకుంటాడు.

ప్రేమతో,
మీ అత్త