ఐరన్ సైట్లా, స్కోపా? .22 రైఫిల్ కొనే తమ్ముడికి

ప్రశ్న: అన్నా, మాది ధర్మవరం. టెక్సస్‌లో ఉంటున్నా, మొన్ననే గ్రీన్‌కార్డు చేతికొచ్చింది. వారాంతాల్లో రేంజ్‌కు పోయి గురి నేర్చుకుందామని చిన్న తూటా కాల్చే .22 రైఫిల్ ఒకటి కొనాలనుకుంటున్నా. ఆఫీసులో వాళ్లు స్కోప్, అంటే పైన బిగించుకుని గురి చూసే అద్దాల గొట్టం, లేకుంటే దండగ అంటున్నారు. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీ చేసినా కాబట్టి నాకేమో గురి చూసేందుకు తుపాకితోనే వచ్చే ఐరన్ సైట్లే చాలనిపిస్తాంది. ఏది తీసుకోమంటావు?

జవాబు: తమ్ముడూ, నీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి సైట్ల దాకా వచ్చాం. ఇదే మాట హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్న పిల్లలు అడిగితే నేను మొదట్లోనే ఆపేస్తాను. నాన్-ఇమిగ్రెంట్ వీసాతో ఉన్నవాళ్ల దగ్గర తుపాకి ఉన్నా, ఒక్క తూటా ఉన్నా అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి, అంతే. "కొనడం లేదు కదన్నా, రేంజ్‌లో అద్దెకు తీసుకుని పది రౌండ్లు కాలుస్తాం" అంటారు. చేతిలోకి తీసుకుంటే దగ్గర ఉన్నట్టే లెక్క. ఈ నేరానికి గరిష్ఠ శిక్షను 2022లో 10 ఏళ్ల నుంచి 15 ఏళ్లకు పెంచారు కూడా. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో కోసం ఇంత తలనొప్పి తెచ్చుకునేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. గ్రీన్‌కార్డు ఉన్నా రాష్ట్రం మారితే రూల్స్ మారతాయి. రేపు ఉద్యోగం ఇల్లినాయిస్‌కు మారిందనుకో, అక్కడ ఫోయిడ్ కార్డు (తుపాకి పెట్టుకునేవాళ్లకు రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) కావాలి.

ఇంకోటి. కర్నూలు, కడప, అనంతపురం అనగానే ఇక్కడి తెలుగువాళ్లే "మీ సీమోళ్లకు తుపాకులు కొత్తా?" అని నవ్వుతారు. నవ్వనీ. మనలో చాలామంది తుపాకిని దగ్గరగా చూసింది బ్యాంకు గేటు కాడ గార్డు భుజాన, లేకుంటే ఎన్‌సీసీ క్యాంపులో. ఆ రెండోదే ఇప్పుడు నీకు పనికొచ్చేది.

క్యాంపులో నీ చేతికిచ్చింది .22 డీలక్స్ రైఫిల్. బోర్లా పడుకుని 25 గజాల టార్గెట్ మీద కాల్చినావు. వెనక నిలబడి ఉస్తాద్ ఊపిరి బిగబట్టమని అరుస్తుంటే నువ్వు మూడింటిని ఒక వరసలోకి తెచ్చే ప్రయత్నంలో ఉన్నావు: వెనక సైటు గాడి, ముందు సైటు మొన, టార్గెట్. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి, కన్ను ఒకసారికి ఒక దూరాన్నే స్పష్టంగా చూస్తుంది. అందుకే చూపు ముందు సైటు మొన మీద నిలపాలి, టార్గెట్ కాస్త మసగ్గా కనిపించినా వదిలేయాలి. కొత్తవాళ్లు సరిగ్గా ఇక్కడే తప్పుతారు. బుల్లెట్ ఎక్కడ పడిందో చూడాలన్న ఆత్రంలో ట్రిగ్గర్ నొక్కేలోపే చూపు టార్గెట్ మీదికి పోతుంది.

దీని ఖరీదు ఎంతో లెక్క వేసి చూడు. రెండు సైట్ల మధ్య దూరం 18 అంగుళాలు అనుకో. 50 గజాలంటే 1,800 అంగుళాలు, అంటే సరిగ్గా వంద రెట్లు. ముందు మొన గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే బుల్లెట్ అక్కడ 100 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 4 అంగుళాలు పక్కకు పోతుంది.

స్కోప్ ఈ చిక్కును తీసేస్తుంది. దాని అసలు గొప్ప దూరాన్ని దగ్గర చేయడం కాదు, క్రాస్‌హెయిర్‌నూ (లోపల కనిపించే అడ్డం నిలువు గీతలు) టార్గెట్‌నూ ఒకే దూరంలో ఉన్నట్టు చూపించడం. కంటికి ఒకటే పని మిగులుతుంది. అయితే పెద్దది చేసి చూపిస్తుంది కాబట్టి నీ చేతి వణుకు, గుండె కొట్టుకోవడం కూడా పెద్దవై కనిపిస్తాయి. క్రాస్‌హెయిర్ తిరుగుతుంటే బెదిరిపోయి, మధ్యకు వచ్చిన క్షణంలో ట్రిగ్గర్‌ను గబుక్కున లాగడం అలవాటవుతుంది. ఆ అలవాటు ఒకసారి పడితే పోగొట్టుకోవడం కష్టం. మొదట ఐరన్ సైట్లతో కాల్చమని నేననేది ఇందుకే.

స్కోప్ లేకుంటే గురి కుదరదనే మీ ఆఫీసు వాళ్లకు ఒక మాట చెప్పు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచాడు. అది .22 రిమ్‌ఫైర్ పోటీ, అంటే నువ్వు కొనబోయే రకం చిన్న తూటాదే. టార్గెట్ నడిమిన పది పాయింట్ల వలయం అడ్డంగా 10.4 మిల్లీమీటర్లు. ఆ పోటీలో స్కోప్‌ను రానివ్వరు. వాళ్లు వాడేది కన్నం సైటు, ఇక్కడ పీప్ సైట్ అంటారు. గాడికి బదులు కంటికి దగ్గరగా చిన్న గుండ్రటి కన్నం ఉంటుంది. అందులోంచి చూస్తే కన్ను తనంతట తానే మధ్యను వెతుక్కుంటుంది. కన్నం చిన్నది కాబట్టి ముందు సైటూ టార్గెట్టూ రెండూ కాస్త తేటగా కనిపిస్తాయి. మామూలు ఐరన్ సైట్లకూ స్కోప్‌కూ మధ్య ఇలాంటిదొకటి ఉందని కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు.

నీ వయసు రాయలేదు. ఎన్‌సీసీ జ్ఞాపకాలు తాజాగా ఉన్నట్టున్నాయి కాబట్టి ముప్ఫై లోపే అనుకుంటున్నా. సూదిలో దారం ఎక్కించడానికి చేయి చాపి దూరంగా పట్టుకోవాల్సి వస్తోందంటే మాత్రం నేను చెప్పినదంతా పక్కన పెట్టి నేరుగా స్కోప్ తీసుకో. నలభై దాటాక ముందు సైటు మొన అంత సులువుగా తేటపడదు, ఎంత సాధన చేసినా కంటి లోపలి కటకం మాట వినదు.

రూగర్ 10/22 నువ్వు చూసే ఉంటావు, 1964 నుంచి వస్తున్న తుపాకి. చాలా మోడళ్లకు మడిచే వెనక సైటు, ముందర బంగారు రంగు పూస ఉంటాయి, స్కోప్ బిగించుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. రెండూ ఉన్న ఇలాంటిది కొను. కొన్ని రైఫిళ్లకు సైట్లే రావు, అంగట్లో అడిగి మరీ చూసుకో. వెనక సైటు సరిచేసేటప్పుడు బుల్లెట్‌ను ఎటు జరపాలో సైటును అటే జరుపు. ముందు సైటుకైతే దానికి ఎదురు.

తర్వాత స్కోప్ కొనేటప్పుడు పెద్ద నంబరు చూసి మోసపోవద్దు. .22కు 2-7 లేదా 3-9 రెట్లు పెద్దది చేసి చూపేది చాలు. చూడాల్సింది పారలాక్స్, అంటే తల కదిపితే క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడం. రిమ్‌ఫైర్ కోసం చేసిన స్కోప్‌లు సాధారణంగా 50, 60 గజాలకు సరిచేసి వస్తాయి. పెద్ద రైఫిళ్లవి 100 గజాలకో, అంతకన్నా దూరానికో ఉంటాయి. అలాంటిది తెచ్చి 25 గజాల్లో కాలిస్తే, తల కొంచెం కదిపినా క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జారుతుంది. స్కోప్ మీది గుండీ తిప్పితే వచ్చే క్లిక్కుల లెక్క కూడా గుర్తుపెట్టుకో. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే కోణం కొలత) స్కోప్‌లో ఒక క్లిక్కు 100 గజాల్లో పావు అంగుళం, 25 గజాల్లో అంగుళంలో 16వ వంతు. అంటే 25 గజాల్లో బుల్లెట్ అంగుళం ఎడమకు పడుతుంటే కుడికి 16 క్లిక్కులు. నాలుగు తిప్పి "ఇది పనిచేయడం లేదు" అని అంగడికి తిరిగి తీసుకుపోయేవాళ్లు ఉన్నారు. ఎంత సరిచేసినా బుల్లెట్లు పడే గుంపు అటూ ఇటూ పోతుంటే స్కోప్‌ను తిట్టేముందు దాన్ని తుపాకికి బిగించే బేస్ స్క్రూలు వదులయ్యాయేమో చూడు.

50 గజాలకు సరిచేసుకున్న .22 బుల్లెట్ 100 గజాలకు సుమారు అర అడుగు కిందికి దిగుతుంది. అది తప్పు కాదు, 40 గ్రెయిన్ల, అంటే రెండున్నర గ్రాముల చిల్లర సీసం అంతే చేస్తుంది. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు, మైలు దాటి పోయి కూడా మనిషికి తగలగలదు. మామగారు వచ్చినప్పుడు "శెనక్కాయ చేన్లో పడే అడవిపందులకు ఇది సరిపోతుందా?" అని అడుగుతారు. సరిపోదు, గాయపరిచి వదిలేస్తుంది.

స్కోప్ పెట్టినాక ఒక కట్టడి. పక్క లేన్‌లో ఎవరున్నారో, దూరంగా ఏముందో దాంట్లోంచి చూడొద్దు. నువ్వు చూసిన చోటికే తుపాకి మూతి కూడా తిరుగుతుంది, రేంజ్ ఆఫీసర్ అక్కడికక్కడే బయటికి పంపిస్తాడు. చూడాలంటే దుర్భిణి వేరే కొనుక్కో.

రేంజ్‌కు తీసుకుపోయే బ్యాగును ఊరికి పోయే ప్రయాణానికి వాడొద్దు. .22 తూటా చిటికెన వేలి గోటికన్నా సన్నంగా ఉంటుంది, జిప్ మడతలో ఇరుక్కుంటే కనపడదు. బెంగళూరులో దిగి ధర్మవరం పోవాల్సినవాడివి, ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసుతో ఎయిర్‌పోర్టు పోలీసుల దగ్గర కూర్చుంటావు.