ఎప్పుడో డిపోర్ట్ అయ్యాను, మళ్లీ అమెరికా వెళ్లాలి: డబ్బు ఏ వరసలో ఖర్చు పెట్టాలి?

ప్రశ్న: 2003లో స్టూడెంట్ వీసా మీద అమెరికా వెళ్లాను. చదువు మధ్యలో మానేసి ఒక గ్యాస్ స్టేషన్‌లో పనిచేస్తూ దొరికిపోయాను. జడ్జి రిమూవల్ ఆర్డర్ ఇచ్చాక 2007 మార్చిలో పంపించేశారు. ఆ తర్వాత ఏ దేశమూ వెళ్లలేదు. పది నెలల్లో అక్కడ మా అక్క కూతురి పెళ్లి ఉంది. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు వెళ్లడానికి 9,000 డాలర్లకు సరిపడా కూడబెట్టాం. ఒక ఏజెంటు 3,000 డాలర్లు ఇస్తే వీసా గ్యారంటీ అంటున్నాడు. పదేళ్లు దాటింది కాబట్టి డిపోర్ట్ సంగతి ఫారంలో రాయక్కర్లేదట. టికెట్లు కూడా ఇప్పుడే కొనమంటున్నాడు. అతని ఫీజు పిల్లల చదువుకు దాచినదాంట్లోంచి తీయనా? ముందు వేరే దేశం ఏదైనా తిరిగొస్తే మంచిదా?

జవాబు: ఏజెంటుకు ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. పిల్లల చదువు డబ్బు జోలికి అసలు పోకండి. ఈ రెండూ ఒప్పుకుంటేనే మిగతా లెక్క.

అతను చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే. జడ్జి రిమూవల్ ఆర్డర్ ఇచ్చి పంపితే మామూలుగా పదేళ్ల నిషేధం పడుతుంది. ఎయిర్‌పోర్టు నుంచే తిప్పి పంపినవాళ్లకు ఐదేళ్లు, రెండోసారి రిమూవ్ అయినవాళ్లకు ఇరవై. ఏడాదికి పైగా అక్రమంగా ఉంటే దానికి విడిగా మరో పదేళ్లు ఉంటుంది గానీ, రెండూ దేశం వదిలిన రోజు నుంచి ఒకేసారి నడుస్తాయి. పదీ పదీ కలిపి ఇరవై అని టెన్షన్ పడక్కర్లేదు. మీరు చెప్పిందే నిజమైతే 2017 మార్చితో గడువు తీరి ఉండాలి. అప్పుడు నిషేధం ఇంకా ఉన్నవాళ్లు మళ్లీ రావడానికి అనుమతి కోరుతూ పెట్టుకునే ఐ-212 దరఖాస్తు, దాని 1,175 డాలర్ల ఫీజు మీకు అక్కర్లేదు. ఏజెంటు ఇచ్చిన చిట్టాలో అది కూడా ఉందేమో ఒకసారి చూడండి.

నిషేధం తీరిపోయిందని జరిగింది చెరిగిపోదు. ఎప్పుడో ఎగ్గొట్టిన అప్పు తర్వాత వడ్డీతో సహా కట్టేశారనుకోండి. కొత్త లోను ఫారంలో "ఎప్పుడైనా ఎగ్గొట్టారా" అని అడిగితే జవాబు "అవును" అనే కదా. వీసా కోసం నింపే డీఎస్-160 కూడా గత పదేళ్ల సంగతి కాదు, ఎప్పుడైనా డిపోర్ట్ అయ్యారా అనే అడుగుతుంది. మీ వేలిముద్రలు అప్పుడే తీసుకుని ఉంటారు, కాన్సులేట్‌లో మళ్లీ పది వేళ్లవీ తీసుకుంటారు. అబద్ధం దొరికితే, తీరిపోయిన పదేళ్ల నిషేధం స్థానంలో జీవితకాలం నిషేధం వస్తుంది. మీరు 3,000 డాలర్లు పెట్టి కొనబోతున్నది అదన్నమాట. సంతకం మీది కాబట్టి ఏజెంటుకు పోయేదేమీ లేదు.

ఇక ఖర్చు వరస. మొదట పాత కాగితాలు వెతకండి. పంపించేటప్పుడు చేతికిచ్చిన ఐ-294 అనే నోటీసులో ఐదా, పదా, ఇరవయ్యా, ఎప్పటికీనా అని గడుల్లో టిక్ పెడతారు. అది పోయి ఉంటే మీ ఫైలు కాపీ కావాలని అక్కడి సమాచార చట్టం కింద యూఎస్‌సీఐఎస్‌ను (అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే విభాగం) ఆన్‌లైన్‌లో అడగవచ్చు. దరఖాస్తుకు ఫీజు లేదు. పాత కాగితాల మీద 'ఎ' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటే వెతకడం సులువవుతుంది. కాపీ చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు, అందుకే ఈ వారమే పెట్టేయండి.

తర్వాత లాయరు. మీరు గ్యాస్ స్టేషన్ అన్నారు కాబట్టే ఇది అడుగుతున్నాను, మొహమాటపడకండి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఐ-9 ఫారం మీద అమెరికా పౌరుణ్ణని టిక్ పెట్టారా? ఆ రోజుల్లో ఓనరు పెట్టమన్నచోటల్లా టిక్ పెట్టి సంతకం చేసిన కుర్రాళ్లు నాకు తెలుసు. అదే చేసి ఉంటే పదేళ్లు కాదు, ఎన్నేళ్లయినా ఆ నిషేధం తీరదు. ఏదైనా కేసులో అరెస్టయినా లెక్క మారిపోతుంది. అలాంటివాళ్లకు కూడా విజిటర్ వీసా వరకు ఒక దారి ఉంది: కాన్సులేట్‌లో వీసా ఇచ్చే ఆఫీసరు సిఫారసు చేస్తే అమెరికా సరిహద్దు విభాగం మినహాయింపు ఇవ్వవచ్చు. దానికి కాన్సులేట్‌లో విడిగా ఫీజు ఉండదు గానీ నెలలు పడుతుంది. కాబట్టి ఫైలు రాగానే ఇమిగ్రేషన్ లాయరు దగ్గర ఒక్క కన్సల్టేషన్ తీసుకోండి. ఆయన పేరు ఆయనకు లైసెన్సు ఉన్న అమెరికా రాష్ట్రపు బార్ (లాయర్ల సంఘం) వెబ్‌సైట్‌లో ఉందో లేదో మీరే చూసుకోండి, ఫీజు ఎంతో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. దీనికి 1,000 డాలర్లు పక్కన పెట్టండి, అది దాటనివ్వకండి.

మూడోది వీసా ఫీజు. విజిటర్ వీసాకు మనిషికి 185 డాలర్లు, నలుగురికి 740. వీసా రాకపోయినా వెనక్కి రాదు. పాత డిపోర్టేషన్ అడ్డు కాకపోయినా, తిరిగి వస్తారన్న నమ్మకం కలగలేదని అక్కడి ఇమిగ్రేషన్ చట్టంలోని 214(బి) సెక్షన్ కింద కాదనవచ్చు. అది నిషేధం కాదు, మళ్లీ అప్లై చేయవచ్చు, మళ్లీ ఫీజు కట్టాలి. ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు మీ వైపు మాట్లాడతాయి. నిన్నమొన్న అప్పు తెచ్చి బ్యాంకులో వేసిన డబ్బు మాట్లాడదు.

టికెట్లు అన్నిటికంటే ఆఖరున. వీసా చేతికి రాకముందు ప్రయాణం ఖాయం చేసుకోవద్దని అమెరికా విదేశాంగ శాఖే చెబుతుంది. (నేనూ ఒకసారి చవకని రిఫండ్ లేని టికెట్లు ముందే కొన్నాను. వీసా ఆలస్యమైంది. క్లయింట్లకు చెప్పే మాట ఇంట్లో పాటించలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.) ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోకండి. మామూలు ట్రావెల్ పాలసీలు వీసా రానందుకో, ఎయిర్‌పోర్టులో వెనక్కి పంపినందుకో పైసా ఇవ్వవు. వైద్యం ఖర్చుకు మాత్రం పాలసీ తప్పకుండా తీసుకోండి. ఇంకొకటి, అమెరికాలో దిగిన మొదటి ఎయిర్‌పోర్టులో మిమ్మల్ని పక్క గదిలోకి పిలిచి గంటల తరబడి అడగవచ్చు. అక్కడినుంచి కనెక్టింగ్ ఫ్లైట్ ఉంటే మధ్యలో బాగా వ్యవధి ఉండేలా కొనండి, కాస్త ఎక్కువైనా సరే.

వేరే దేశం ముందు తిరిగిరావడమా? మీకు నిజంగా చూడాలని ఉంటే వెళ్లండి, అమెరికా వీసా కోసమైతే వద్దు. చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు పెద్దవాళ్లకు 90 యూరోలు, అదీ వెనక్కి రాదు. కెనడా, బ్రిటన్ ఫారాలు వేరే దేశం నుంచి పంపించేసిన సంగతి కూడా అడుగుతాయి, పైగా అమెరికాతో సమాచారం పంచుకుంటాయి. అక్కడా నిజమే రాయాలి.

ఈ వరసలో వెళ్తే టికెట్ల దాకా మీరు పణంగా పెట్టేది 1,740 డాలర్లు. మిగిలిన 7,260 ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునే ఖాతాలో ఉండనివ్వండి. పెళ్లికి రెండు నెలల ముందు ఒక తేదీ ఈ రోజే రాసుకోండి. అప్పటికి మీ వీసా తేలకపోతే, వాళ్లకు వచ్చి ఉంటే, మీ ఆవిడా పిల్లలూ మాత్రం వెళ్తారా అన్నది కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. మేనమామ లేని పెళ్లి మీ అక్కకు వెలితే, అందుకే ఆ మాట ఆమెకూ ముందే చెప్పి ఉంచండి.

ఐ-294 దొరికితే ఏ గడిలో టిక్ ఉందో నాకు రాయండి.