మాస్కులోకి నీరు రావడం గురించి: అండమాన్ యాత్రకు సమాధానం

మిర్యాలగూడ మిత్రులకు నమస్కారం. జనవరిలో కుటుంబంతో అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి (ఇప్పుడు అధికారికంగా స్వరాజ్ ద్వీప్) వెళ్తున్నామనీ, ఈత రాదనీ, కొలనులో ప్రయత్నించినప్పుడు స్నార్కెల్ మాస్కులోకి (కళ్లనూ ముక్కునూ కప్పే అద్దం; ఊపిరి నోట్లో పెట్టుకునే గొట్టంతో తీస్తాం) నీరు కారి భయం వేసిందనీ రాశారు.

మీరు మీసం ఉందని కూడా రాశారు కనుక, నా అంచనాలో కారణం అదే. ముక్కు కింద సిలికాన్ అంచు వెంట్రుకల మీద ఆనితే సందు మిగులుతుంది. అక్కడ కాస్త వాజిలిన్ రాయండి. కొనేముందు పట్టీ తగిలించకుండానే మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి చేయి వదలండి. జారకుండా అంటుకొని ఉంటే అది మీ ముఖానికి సరిపోయినట్లే. కారుతోందని పట్టీని మరీ బిగిస్తే అంచు ముడుచుకొని ఇంకా ఎక్కువ కారుతుంది. అయినా నీరు చేరితే తల నీటిపైకి ఎత్తి, కింది అంచును కొద్దిగా లాగితే పోతుంది. కళ్లద్దాలతో మాస్కు కుదరదు, పవర్ అద్దాలున్నదే తీసుకోండి.

దేవరకొండ దగ్గర వ్యవసాయ బావిలో బెండు కట్టుకొని ఈత నేర్చిన నాకు కూడా, ముక్కు మూసుకొని నోటితోనే ఊపిరి తీయడం అలవాటు కావడానికి అరగంట పట్టింది. మీరు బయలుదేరే ముందే బకెట్ నీళ్లలో ముఖం ముంచి సాధన చేయండి.

హేవ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లో లైఫ్ జాకెట్ వేసుకొని, గైడ్ పక్కన తేలుతూనే చిలుక చేపలను చూడవచ్చు. తాబేలు కనిపిస్తే వెంటపడకండి. పగడాలపై కాలు మోపకండి, అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందిన జీవులు.