రెప్లికా తల్వార్ కొనేముందు బరువు కాదు, మందం అడగండి

"కొత్తగా వస్తున్న రెప్లికా కత్తులు ఎలా ఉంటున్నాయి? మన దేశపు కత్తి ఒకటి కొనుక్కోవాలనుంది. ఇప్పుడే కొనాలా, ఆగాలా?" అని ఒకరు అడిగారు. యూరప్ కత్తి అయితే ఇంతకంటే మంచి రోజులు ఇదివరకు లేవు, డబ్బుంటే కొనేయండి. తల్వార్ (మన పాతకాలపు వంపు కత్తి) అయితే ఆగండి. ఎందుకు ఆగమంటున్నానో చెప్పాలంటే కొంచెం సోది తప్పదు.

నేను టెక్సస్‌లో ఉంటాను. శనివారాలు పాత యూరప్ కత్తిసాము నేర్పే ఒక చిన్న క్లబ్బుకి వెళ్తుంటాను. ఈ వ్యవహారం మీద మా ఇంట్లోవాళ్ళ అభిప్రాయం ఇక్కడ రాయదగ్గది కాదు, వదిలేయండి. క్లబ్బులో సాధన అయ్యాక కబుర్లన్నీ కొత్త మోడళ్ల గురించే. ఫలానా కంపెనీ ఏం తెస్తోంది, ఎంత పెడుతోంది, ఈసారైనా పిడి సరిగ్గా చేస్తుందా, ఇదే గోల. ఈ చర్చల్లో వాళ్ళకి ఉన్న సుఖం ఒకటి గమనించాను. ఈవార్ట్ ఓక్‌షాట్ అనే ఇంగ్లండ్ పెద్దమనిషి మధ్యయుగపు కత్తులన్నిటినీ అలుగు (పిడి కాక మిగిలిన ఉక్కు భాగం) ఆకారాన్ని బట్టి పదో రకం నుంచి ఇరవై రెండో రకం దాకా వరసపెట్టి పోయాడు. కంపెనీ "ఇది పదిహేనో రకం" అందంటే కొనేవాడికి ఏం ఆశించాలో తెలుసు, అది కాకపోతే ఏమని తిట్టాలో కూడా తెలుసు. తర్వాత స్వీడన్ కమ్మరి పీటర్ యాన్సన్ మ్యూజియంల చుట్టూ తిరిగి అసలు కత్తుల్ని చేతిలోకి తీసుకుని కొలిచాడు. ఆ కొలతలతో వేసిన డిజైన్లే విస్కాన్సిన్‌లోని న్యూ గ్లారస్ అనే చిన్న ఊళ్ళో ఆల్బియన్ కంపెనీ చేతిలో కత్తులయ్యాయి. ధర చూస్తే గుండె ఆగుతుంది గానీ, ఎందుకంత అని ఒకసారి ఊపి చూసినవాడెవడూ అడగడు.

తల్వార్‌కి అలాంటి దిక్కెవరు? పోయినేడాది నేనూ, క్లబ్బులో నాతోపాటు నేర్చుకునే ఒక కార్ల మెకానిక్కూ కలిసి పాత ఆయుధాల సంతకి వెళ్ళాం. మెకానిక్ దగ్గర కొత్త రెప్లికా తల్వార్ ఒకటుంది. ఎవరు చేశారన్నది ఇక్కడ అనవసరం. దాన్ని గుడ్డలో చుట్టి వెంట తెచ్చాడు. తెల్లగడ్డం ముసలాయన ఒకాయన టేబుల్ మీద నాలుగైదు పాత తల్వార్లు పరిచి కూర్చున్నాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూస్తుంటే, "పట్టుకో, కరవదు" అన్నట్టు ఒకటి తీసి పిడి నా వైపు తిప్పాడు.

పిడిలో చెయ్యి పట్టలేదు. నాలుగు వేళ్ళూ కుక్కితే చిటికెన వేలు పళ్ళెం అంచుకి ఒరుసుకుంటోంది. తల్వార్ పిడికి అడుగున గుండ్రటి పళ్ళెం ఉంటుంది కదా, అదే. ముసలాయన నా చూపుడువేలు తీసి అడ్డుపట్టీ మీదుగా ముందుకి వేయించాడు. అప్పుడు కుదిరింది. పిడి మీద వెండి కోఫ్త్‌గారీ పని (ఇనుము మీద వెండి తీగ అద్దే నగిషీ) ఒకప్పుడు నిండుగా ఉండేదట. బొటనవేలు ఆనేచోట మాత్రం పూర్తిగా అరిగిపోయి ఇనుము బయటపడింది. అలుగు పిడిలోకి దిగేచోట సందులో నల్లగా లక్క కనబడుతోంది, ఒక మూల పెచ్చు ఊడింది.

ఊపబోయాను. యూరప్ కత్తి అలవాటుకొద్దీ మణికట్టు విరిచి ముందుకి చాచేసరికి పళ్ళెం మణికట్టు ఎముకలో దిగింది. ముసలాయన నవ్వి, మోచేతిని వెనక్కి లాగుతూ కొట్టమని చేత్తో చూపించాడు. అలా చేస్తే పళ్ళెం అడ్డురాలేదు సరికదా, కత్తి తనంతట తనే కోస్తూ వెనక్కి వచ్చినట్టు అనిపించింది. పాతకాలం మనవాళ్ళ చేతులు చిన్నవి, అందుకే పిడి చిన్నది అని ఎవరైనా అంటే నమ్మకండి. చెయ్యి కదలకుండా బిగించి, లాగి కోయించడానికే పిడి అలా చేశారు. దీని మీద వాదించేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాదించుకోనివ్వండి.

తర్వాత మెకానిక్ తన గుడ్డమూట విప్పాడు. ముసలాయన ఏమీ అనకుండా జేబులోంచి వెర్నియర్ కాలిపర్ తీశాడు. పాతదాని వెన్ను (పదునులేని వైపు) మందం పిడి దగ్గర ఏడున్నర మిల్లీమీటర్లు, మధ్యలో నాలుగున్నర, మొన దగ్గరికొచ్చేసరికి రెండున్నర. కొత్తదాన్ని పిడి దగ్గర కొలిస్తే అయిదు, మధ్యలో అయిదు, మొన దగ్గర అయిదుకి కాస్త తక్కువ. తర్వాత రెండిట్నీ తూకం మీద పెట్టాడు. పాతదే కొంచెం ఎక్కువ తూగింది! చేతిలో మాత్రం పాతది బరువనిపించదు, కొత్తది గునపం. మెకానిక్ ముఖం చూడలేకపోయాను. వాడు ఆ కత్తి కొనేముందు బరువు ఎంతో అడిగే కొన్నాడు మరి.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. కంపెనీలు తల్వార్ ఫొటో చూసి వంపు దింపుతున్నాయి, పొడవు దింపుతున్నాయి, చివరికి బరువు కూడా సరిపెడుతున్నాయి. ఆ బరువు ఎక్కడ ఉండాలో అక్కడ, అంటే పిడి దగ్గర, పెట్టడం లేదు. కారణం పెద్ద రహస్యమేం కాదు. అయిదు మిల్లీమీటర్ల ఉక్కు పట్టీ బజార్లో దొరుకుతుంది. ఆ పట్టీని వంపుగా కోసి, అంచు సానపెడితే కత్తి ఆకారం వచ్చేస్తుంది. పిడి దగ్గర ఏడున్నర ఉండాలంటే అంతకంటే మందమైన పట్టీతో మొదలెట్టాలి. తర్వాత మొన దాకా అరగదీయాలి, లేదా కొలిమిలో సాగగొట్టాలి. ఉక్కు వృథా, గంటల కూలీ. పైగా పల్చటి మొన నీరుపోసేటప్పుడు (ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచేటప్పుడు) వంకర తిరిగే ప్రమాదం ఎక్కువ, పదింట్లో కొన్ని పారేయాలి. ఇన్ని బాధలు పడి చేస్తే, "మొన ఊగుతోంది, డిఫెక్ట్ పీస్" అని వెనక్కి పంపే మహానుభావులు మనలోనే ఉన్నారు. తప్పు కంపెనీలది మాత్రమే అనను.

ఇక్కడ ఉక్కు గురించి ఒక మాట. తల్వార్ అనగానే అందరికీ "డమాస్కస్" కావాలి. అలల గీతలున్న అలుగు. ఇవాళ ఆ పేరుతో అమ్మేది దాదాపు అంతా రెండు రకాల ఉక్కుల్ని పొరలు పొరలుగా అతికించి, యాసిడ్‌లో ముంచి గీతలు తేల్చిన సరుకు. చూడ్డానికి బాగానే ఉంటుంది, నాకేం కోపం లేదు. పాతకాలపు గీతల సంగతి వేరు. మూసలో కరిగించిన, ఒకటిన్నర శాతం అటూఇటూగా కార్బన్ ఉన్న ఉక్కు ముద్దని జాగ్రత్తగా సాగగొడితే లోపలి కార్బైడ్లు (ఇనుము, కార్బన్ కలిసిన గట్టి రేణువులు) వరసకట్టి తేలే గీతలవి. ఆ ముద్దలు తయారైన చోట్లలో మా నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి ముద్దలు ఏరుకుని కొనుక్కుపోయేవారని 1832లో అచ్చయిన వ్యాసంలో వాయ్సీ అనే ఇంగ్లీషు డాక్టరు వివరంగా రాశాడు. మాది ఆర్మూర్ వైపే. బడిలో చదివినన్నాళ్ళూ ఈ ముక్క ఒక్క మాస్టారి నోట వినలేదు. అమెరికా వచ్చాక ఇక్కడి గడ్డం ఆయన ఒకాయన "ఏ ఊరు మీది?" అని అడిగి, నేను చెప్పగానే కుర్చీలోంచి లేచినంత పని చేస్తే తెలిసింది.

అయినా నా ఓటు ఉక్కుకి కాదు. మామూలు స్ప్రింగు ఉక్కుతో చేయండి చాలు, మందం సరిగ్గా ఉంటే. నా మాటకి సాక్షి కావాలంటే కెప్టెన్ నోలన్ ఉన్నాడు. బ్రిటిష్ అశ్వికదళంలో పనిచేసి, 1854లో బాలక్లావా యుద్ధంలో చచ్చిపోయాడు. అంతకు ముందు ఏడాది అచ్చయిన తన పుస్తకంలో హైదరాబాద్ నిజాం సవార్ల (గుర్రపు సైనికుల) కథ చెప్పాడు. ఒక పోరులో వాళ్ళు కత్తులతో కాళ్ళూ చేతులూ తెగగొట్టారని విని, ఇదేం మహిమగల కత్తో అని వెళ్ళి చూశాడట. తీరా చూస్తే అవి ఇంగ్లీషు సైన్యం పనికిరావని పారేసిన పాత డ్రగూన్ (గుర్రపుదళం) అలుగులు! సవార్లు వాటికి మన పిడి తగిలించి, మంగలికత్తిలా పదునుపెట్టి, చెక్క ఒరల్లో పెట్టుకున్నారు. వాటిని ఎలా వాడడం నేర్పారని అడిగితే, ఎవరూ ఏమీ నేర్పలేదనీ, పదునున్న కత్తి ఎవరి చేతిలోనైనా తెగుతుందనీ ఒక ముసలి సవారు జవాబిచ్చాడట. ఇంగ్లీషువాళ్ళ ఇనుప ఒరలు తీసి పెట్టినప్పుడల్లా పదును తినేస్తాయి. చెక్క ఒర తినదు. అంత చిన్న తేడా.

అందుకే కొత్త మోడల్ ప్రకటన రాగానే నేను ముందు ఒర చూస్తాను. మీరూ చూడండి. పల్చటి తోలు సంచిలాంటిది ఇస్తే అందులో కత్తి గలగలలాడుతుంది, వర్షాకాలంలో తుప్పు కూడా పడుతుంది. లోపల చెక్క, పైన తోలు లేదా మఖమల్, మూతి దగ్గర కత్తి బిగువుగా కూర్చోవాలి. అయిదారువందల డాలర్లు తీసుకునే కంపెనీ ఆ మాత్రం ఒర ఇవ్వలేదా? పిడిని లక్కతోనే అతికించాలని పట్టుబట్టేవాళ్ళతో మాత్రం నాకు పేచీ. టెక్సస్ వేసవిలో కారు డిక్కీలో పెట్టి చూడండి, లక్క మెత్తబడి పిడి చేతికొస్తుంది. ఎపాక్సీ జిగురు వేస్తే నాకేం అభ్యంతరం లేదు. పిడిని "ఆధునిక చేతులకి సరిపడేలా" పెద్దది చేస్తున్నారే, అభ్యంతరం దాని మీద. పెద్దది చేశాక పళ్ళెం ఎందుకక్కడ, అలంకారానికా?

ఇక ఆశ విషయం. ఆశ లేదని కాదు. యూరప్ కత్తుల రెప్లికాలు చాలా మన దేశంలోనే తయారవుతాయని ఎంతమందికి తెలుసు? డెహ్రాడూన్‌లోని విండ్‌లాస్ 1943లో మొదలైన కంపెనీ, గూర్ఖా సైనికులకి కుక్రీలు చేసినవాళ్ళు. ఈమధ్య ఇంగ్లండ్‌లోని రాయల్ ఆర్మరీస్ అనే ఆయుధాల మ్యూజియంతో కలిసి, అక్కడి అసలు ఆయుధాల్ని ఆధారం చేసుకుని ఒక వరస రెప్లికాలు తెచ్చారు. ఆ దారి నాకు నచ్చింది. అదే పని హైదరాబాద్‌తో ఎందుకు చేయకూడదు? సాలార్‌జంగ్ మ్యూజియంలో కత్తులకేం తక్కువ? ఒక్క తల్వార్, ఒక్క ఫిరంగీ (యూరప్ అలుగుకి మన పిడి వేసింది) తీసి, పిడి నుంచి మొన దాకా కొలతలు తీసి, ఆ కొలతలు అందరికీ కనబడేలా పెట్టి రెప్లికా చేయండి. కింద "గోల్కొండ" అని రాసుకోండి, ధర రెట్టింపు పెట్టుకోండి, నేనే మొదటి వరసలో నిలబడతాను. ఏ మ్యూజియంకి వెళ్ళినా చీటీ మీద రాజుగారి పేరుంటుంది, శతాబ్దం ఉంటుంది, బరువూ మందం ఉండవు. నాలాంటివాడికి రాజుగారి పేరు దేనికి?

మీరు ఇండియాలో ఉంటే మాత్రం ముందు చట్టం చూసుకోండి. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి వాడే పనిముట్లకి మినహాయింపు ఉంది. తల్వార్‌తో కొబ్బరికాయ కొడతానంటే పోలీసులు ఒప్పుకోరు. పెళ్ళిళ్ళకి అమ్మే తళతళలాడే స్టెయిన్‌లెస్ కత్తులు గోడకి తగిలించుకోవడానికే. లోపల సన్నటి కడ్డీని వెల్డింగ్ పెట్టి పిడిలో దూర్చి ఉంటారు. ఊపితే అలుగు ఊడిపోయి ఎవరికి తగులుతుందో చెప్పలేం. మా క్లబ్బులో కొత్తగా చేరేవాళ్ళు అలాంటివి తెస్తే గుమ్మం దగ్గరే ఆపేస్తాం.

కొనేముందు ఏ కంపెనీకైనా ఒక్క ఈమెయిల్ రాయండి. పిడి దగ్గర, మధ్యలో, మొనకి రెండంగుళాల ఇవతల మందం ఎంత అని అడగండి. ఒకరికి నేను రాస్తే, "అలుగు పొడవు ముప్పై అంగుళాలు, పదునుగా ఉంటుంది, ఒర ఉచితం" అని జవాబొచ్చింది. అలాంటి జవాబు వస్తే డబ్బు కదపకండి. మూడు అంకెలు రాసి పంపి, అవి ఒకదానికంటే ఒకటి తగ్గుతూ ఉంటే కొనండి, నాకూ లింకు పెట్టండి.

అప్పటిదాకా చెయ్యి ఊరుకోనంటే బ్రిటిష్‌వాళ్ళ 1796 నమూనా లైట్ కావల్రీ సేబర్ (తేలికపాటి గుర్రపుదళం వాడిన వంపు కత్తి) రెప్లికా చూడండి. మంచివి దొరుకుతున్నాయి, అసలు కత్తుల కొలతలు కూడా తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి కంపెనీ మోసం చేస్తే అభిమానులు ఊరుకోరు. నోలన్ చూసిన నిజాం సవార్ల అలుగులు ఈ నమూనావేనని చాలామంది అనుకుంటారు, నేనూ అంతే. ఇనుప ఒర వస్తుంది దానితో, అది పక్కన పడేసి చెక్క ఒర చేయించుకోండి.