సస్పెండ్ చేశారు సరే, కేసు ఏదీ?

ప్రశ్న: మాది విశాఖపట్నం, కంచరపాలెం వైపు. మేము ఎస్సీలం. మా తమ్ముడు ఫుడ్ డెలివరీ చేస్తాడు. నాలుగు రోజుల క్రితం రాత్రి తనిఖీలో బండి ఆపి, కాగితాలన్నీ చూశాక, ‘ఏ పేట, ఎవరి తాలూకు’ అని అడిగారు. చెప్పగానే ఒక హెడ్ కానిస్టేబుల్ కులం పేరు పెట్టి తిట్టి, లాఠీతో కొట్టాడు. స్టేషన్‌కు తీసుకెళ్లి తెల్లవారేదాకా కూర్చోబెట్టి, ఏ కేసూ రాయకుండా పంపేశారు. రోడ్డు మీద కొట్టడం టీ బండి దగ్గరున్న కుర్రాడు ఫోన్‌లో తీశాడు. అది వాట్సాప్‌లో అంతటా తిరిగాక ఆయన్ని సస్పెండ్ చేశారు. ఇంక గొడవెందుకు, రాజీ పడండని పెద్దమనుషులు వస్తున్నారు. కాలనీ కుర్రాళ్లేమో ధర్నా అంటున్నారు. అమెరికాలో నల్లజాతి మనిషిని చంపిన పోలీసుకు జైలు పడింది కదా, ఇక్కడ పడదా? వీడియో పంచినందుకు మా మీదే కేసు పెడతారేమోనని ఇంట్లో టెన్షన్‌గా ఉంది.

జవాబు: సస్పెన్షన్ శిక్ష కాదమ్మా. విచారణ నడుస్తున్నంత కాలం ఉద్యోగిని పక్కన పెట్టడం, అంతే. ఆ కాలంలో జీవన భృతి కూడా వస్తుంది. క్రిమినల్ కేసు లేకపోతే కొన్నాళ్లకు మళ్లీ యూనిఫాం వేసుకోవడానికి పెద్ద అడ్డంకి ఉండదు. జనం కోపం చల్లారడానికి సస్పెన్షన్ ఉత్తర్వు బాగా పనికొస్తుంది. మీ తమ్ముడి కేసుకు మాత్రం అది ఎఫ్ఐఆర్ కాదు.

ఇది చదవగానే తమ్ముణ్ణి ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్‌కు తీసుకెళ్లండి. ఓపీలో చూపించుకుని మాత్రలు తెచ్చుకుంటే చాలదు. పోలీసు కొట్టిన దెబ్బలని చెప్పి ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు, రాయించండి. నాలుగు రోజులకు వాపు తగ్గినా కమిలిన మచ్చలు ఉంటాయి. ప్రతి మచ్చా ఎక్కడుంది, ఎంత పొడవుంది, ఏ రంగులో ఉంది అన్నది కాగితం మీదికి ఎక్కాలి. ఎందుకింత పట్టుబడుతున్నానంటే, 2020 మేలో మన ఊళ్లోనే ఒక దళిత ప్రభుత్వ డాక్టరును చేతులు వెనక్కి కట్టి నడిరోడ్డు మీద పడేసిన వీడియో మీరూ చూసే ఉంటారు. హైకోర్టు మేజిస్ట్రేటును ఆస్పత్రికి పంపి ఆయన వాంగ్మూలం తీసుకోమంది. మేజిస్ట్రేటు నమోదు చేసిన గాయాలకూ, ప్రభుత్వం తరఫున వచ్చిన నివేదికకూ పొంతన లేకపోయేసరికి, ఆ నెలలోనే దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. రాష్ట్రమంతా చూసిన వీడియో ఉన్నా, కోర్టు పట్టుకున్నది గాయాల చీటీలో తేడానే.

ఇక ఫిర్యాదు. ‘కులం పేరుతో దూషించాడు’ అని మర్యాదగా రాసి ఊరుకోవద్దు. ఆయన అన్న మాట ఏదో, ఎంత పచ్చిగా ఉన్నా, అదే రాయండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద తిట్టు ‘జనం చూసేలా’ జరిగి ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాటకు ఆ సెక్షను వర్తించదని సుప్రీంకోర్టు 2020లో హితేష్ వర్మ కేసులో చెప్పింది. కాబట్టి రోడ్డు మీద అన్నది వేరుగా, స్టేషన్ లోపల అన్నది వేరుగా రాయండి. ఆ సమయంలో అక్కడ ఎవరున్నారో, టీ బండి అతనితో సహా పేర్లు చేర్చండి. నిందితుడు ఎస్సీ, ఎస్టీ అయితే ఈ చట్టం వర్తించదు, ఆ సంగతి ముందే కనుక్కోండి. అప్పుడు కూడా కొట్టడం, అక్రమంగా నిర్బంధించడం నేరాలే.

ఇదే చట్టం ప్రభుత్వోద్యోగి విషయంలో గట్టిగా ఉంటుంది. కులదూషణకు మామూలు మనిషికి కనీస శిక్ష ఆరు నెలలైతే, ఉద్యోగిగా ఉండి చేసినవాడికి కనీసం ఏడాది. ముందస్తు బెయిలుకు చట్టం అడ్డం చెబుతుంది. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ చెప్పింది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే చేయాలి, మన నగరంలో అంటే ఏసీపీ. ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపిన అధికారి ఎస్సీ, ఎస్టీ కాకపోతే, అదీ సెక్షన్ 4 కింద విడిగా నేరమే.

అదే స్టేషన్‌కు వెళ్లడానికి భయమైతే వెళ్లక్కర్లేదు. ఘటన తమ పరిధిలో జరగకపోయినా రాసుకోవాల్సిన ‘జీరో ఎఫ్ఐఆర్’ కింద ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే పోలీసు కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే కోర్టే. ‘ప్రభుత్వ అనుమతి లేకుండా పోలీసు మీద కేసు నడవదు’ అని ఎవరో ఒకరు మిమ్మల్ని భయపెడతారు. ఆ రక్షణ ప్రధానంగా ప్రభుత్వం మాత్రమే తొలగించగల అధికారులకు. హెడ్ కానిస్టేబుల్‌ను శాఖ అధికారులే తొలగించగలరు. అయినా అవతలి లాయరు ఈ పాయింటు ఎత్తకుండా ఉండడు. కులం పేరు పెట్టి తిట్టడం డ్యూటీలో ఏ భాగమో చెప్పమని అడగడమే దానికి జవాబు.

స్టేషన్‌లో జరిగినదానికి సాక్ష్యం సీసీ కెమెరా. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో మాట కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలనీ, ఆ రికార్డు 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది ఉంచాలనీ ఆదేశించింది. ఆచరణలో వినిపించే మాట ‘ఆ రోజు కెమెరా పనిచేయలేదు’ అని. అందుకే తేదీ, గంటలు వేసి, ఆ రాత్రి ఫుటేజీ భద్రపరచమని కమిషనర్‌కు ఈ వారంలోనే రాతపూర్వకంగా అడగండి. ఆర్టీఐ దరఖాస్తు కూడా పెట్టండి. వాళ్లు ఇవ్వకపోయినా, అడిగినట్టు మీ దగ్గర రుజువు ఉంటుంది.

వీడియో విషయంలో భయపడకండి. బహిరంగ రోడ్డు మీద పోలీసును ఫోన్‌లో తీయడాన్నే నేరంగా చెప్పే సాధారణ చట్టమేదీ లేదు. ‘విధులకు ఆటంకం’ అని కేసు పెట్టే అలవాటు మాత్రం ఉంది, కాబట్టి తీసిన కుర్రాడు తోపులాటలోకి దిగలేదని వీడియోలోనే కనిపిస్తే మంచిది. పాటలు కలిపిన, కత్తిరించిన కాపీలు కోర్టుకు పనికిరావు. అసలు ఫోన్‌ను ఫార్మాట్ చేయకుండా, అమ్మేయకుండా ఉంచమనండి. దాన్ని సాక్ష్యంగా పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. దాంట్లో ఫోన్ యజమాని ఒక భాగం, నిపుణుడు ఒక భాగం నింపాలి.

అమెరికా సంగతి అడిగారు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు పోలీసుల మొదటి ప్రకటన ఆయనకు ఆరోగ్య సమస్య వచ్చినట్టు చెప్పింది. పదిహేడేళ్ల అమ్మాయి తీసిన వీడియో దాన్ని తిరగరాసింది, దేశమంతా రోడ్డెక్కింది. అయితే ఆ పోలీసు డెరెక్ షావిన్‌కు 2021లో 22 ఏళ్ల 6 నెలల శిక్ష పడింది ఊరేగింపులు చూసి కాదు. ఊపిరితిత్తుల డాక్టరు బోనెక్కారు, సొంత శాఖ అధిపతే వచ్చి అది మా శిక్షణ కాదని చెప్పారు. మన దగ్గర పై అధికారి అలా సాక్ష్యం చెప్పడం, నిజం చెప్పాలంటే, అరుదు. చిత్రహింసకు వ్యతిరేకంగా ఉన్న ఐక్యరాజ్య సమితి ఒడంబడిక మీద మన దేశం 1997లో సంతకం చేసి, ఇంతవరకూ ఆమోదించలేదు. కాబట్టి మీ తరఫు సాక్షులే గట్టిగా నిలబడాలి.

ధర్నా చేయొద్దని నేను అనను. అనుమతికి ముందే అర్జీ పెట్టి జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర కూర్చోండి. సభలు, ఊరేగింపులను కట్టడి చేసే పోలీసు యాక్టు సెక్షన్ 30 అమల్లో ఉందంటే ఉత్తర్వు కాపీ అడగండి. రాళ్లు, టైర్లు వద్దు, ఆ సాయంత్రం నుంచి మాటంతా వాటి మీదే ఉంటుంది. టీ బండి అతన్ని మాత్రం మైకు ముందుకు తేవద్దు. టీవీలో ఒక మాట తేడాగా వస్తే కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు అదే పట్టుకుంటాడు.

రాజీకి వచ్చిన పెద్దమనుషులకు టీ ఇచ్చి పంపండి. ఈ చట్టం కింది నేరాలు మీరూ మీరూ మాట్లాడుకుని రాజీ చేసుకునేవి కావు. ఖాళీ కాగితం మీద తమ్ముడి సంతకం ఇవ్వొద్దు. ఎఫ్ఐఆర్ అయ్యాక ప్రభుత్వ ఆర్థిక సాయం విడతలుగా రావాలి, దానికి కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇవ్వండి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే ఏడాది లోపే వెళ్లాలి. లాయరు ఫీజు గురించి దిగులొద్దు. ఎస్సీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో కుల ధ్రువపత్రం కాపీతో అడగండి.