పోయిందనుకున్న ట్రావెల్ బగ్‌కి నకలు చేసి వదలొచ్చా?

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. జియోకేషింగ్ అంటే ఎవరో దాచిన డబ్బాలని, అంటే కేష్‌లని, ఫోన్ చూపే గుర్తులతో వెతికే ఆట. ట్రావెల్ బగ్, జియోకాయిన్ అనేవి నంబరున్న వస్తువులు, ఒక కేష్ నుంచి ఇంకో కేష్‌కి తిరుగుతాయి. అందుకున్నవాళ్ళు ఆట సైట్‌లో ఆ నంబరు కొట్టి, దాని పేజీలో "లాగ్" రాస్తారు. అడిగినవారి జియోకాయిన్ ఎనిమిది నెలలుగా కనిపించడం లేదట. అదే నంబరుతో ఫొటో ప్రింట్ తీసి, లామినేట్ చేసి మళ్ళీ తిప్పితే తప్పా అని ప్రశ్న. వద్దండీ. నేను ఆ పని ఒకసారి చేశాను, ఏమైందో చెబుతాను.

2017 వేసవిలో మా అమ్మ విశాఖ నుంచి అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రం రెడ్మండ్‌లో మా ఇంటికి వస్తూ మా అమ్మాయికి ఏటికొప్పాక లక్కపిడతలు తెచ్చింది. పొయ్యి, తిరగలి, చెంబులు, రెండు బిందెలు, అన్నీ అంకుడు కర్రతో చేసినవే. అప్పటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. శనివారం వస్తే చాలు, ఫోన్ పట్టుకుని కేష్‌లు వెతకడానికి నన్ను అడవి దారులన్నీ తిప్పేది. బొటనవేలంత ఎర్ర బిందె ఒకటి తీసి, "అమ్మా, దీన్ని ట్రావెల్ బగ్ చేద్దాం, ఒకరి చేతి నుంచి ఒకరికి మారుతూ అమ్మమ్మ ఊరు వెళ్ళాలి" అంది. ట్రావెల్ బగ్ ప్యాకెట్‌లో రెండు బిళ్ళలు (ట్యాగ్‌లు) ఉంటాయి, రెండింటి మీదా ఒకటే నంబరు. ఒకటి వస్తువుకి కట్టాలి, రెండోది మన దగ్గర ఉంచుకోవాలి. గొలుసు బిందె మెడకి చుట్టేటప్పుడు అది చేయి జారి వంటగదిలో కింద పడింది. అంచు దగ్గర గోరంత లక్క పెచ్చు ఊడి, లోపలి తెల్ల కర్ర బయటపడింది. పిల్ల ఏడ్చింది. "ఉండనీ, గుర్తుగా ఉంటుంది" అంది మా అమ్మ.

మా రాష్ట్రంలోనే స్నోక్వాల్మీ సొరంగం అవతల "మిషన్ 9" అని పేరుమోసిన కేష్ ఒకటుంది. సొరంగం పొడవు 2.3 మైళ్ళు. ఒకప్పుడు రైలు నడిచిన దారి. జూలైలో కూడా లోపల స్వెట్టర్ ఉండాల్సిందే, పైనుంచి నీళ్ళు కారుతుంటాయి, టార్చి ఆపితే పక్క మనిషి కనిపించడు. మా అమ్మాయి అంత దూరమూ బిందెని గుప్పిట్లోనే పట్టుకుని నడిచింది. చివర వెలుగు బియ్యపుగింజంత కనబడగానే పరుగు తీసింది. అక్కడ పెట్టెలో బిందె పెట్టి, మూత వేసి, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ వేసింది. ఆ కేష్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2011లో పెట్టెనే ఎవరో ఎత్తుకుపోయారు. ఇక లేదనుకున్నారంతా. అయిదేళ్ళకి, 2016లో, అదే పెట్టె తిరిగొచ్చింది. ఈ మాట గుర్తుంచుకోండి.

బిందె బాగానే తిరిగింది. ఐడహో, మోంటానా, అక్కణ్ణుంచి ఎవరి బ్యాగులోనో జర్మనీ. 2018 మార్చిలో మ్యూనిక్ దగ్గర ఒక కేష్‌లో దించినట్టు లాగ్ పడింది. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళు "లోపల బగ్ ఏమీ లేదు" అని రాశారు. అంతే. పద్నాలుగు నెలలు పేజీలో కదలిక లేదు. మా అమ్మాయి రోజూ బడి నుంచి వచ్చి ముందు అదే చూసేది. చూడలేక, సెట్టులోని రెండో బిందెకి రెండో బిళ్ళ కట్టి, 2019 మేలో ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ వెళ్ళినప్పుడు ఒక పార్కులోని కేష్‌లో వదిలాను. పేజీలో ఆ సంగతి రాయలేదు. నేను చేసిన తప్పు అదే.

2020 ఏప్రిల్, అందరూ ఇంట్లో కూర్చుని అలమారాలు సర్దుకుంటున్న రోజులు. పొద్దున్నే మెయిల్ వచ్చింది. జర్మనీలో ఒకాయన, కొడుకు పాత బడి సంచి అడుగున మా బిందె దొరికిందట. రెండేళ్ళు ఉంచేసుకున్నందుకు ఎంతో నొచ్చుకుంటూ రాశాడు. నంబరు కొట్టి బగ్‌ని తన పేరు మీదకి తీసుకుని, మర్నాడే ఇంటి దగ్గరి కేష్‌లో పెట్టాడు. సైట్‌కి తెలిసింది నంబరొక్కటే. మ్యాపు మీద ఓరెగాన్ నుంచి జర్మనీలోని బవేరియాకి ఒక గీత, 5,000 మైళ్ళకు పైగా. ఓరెగాన్‌లో రెండో బిందె చేతిలో పెట్టుకుని కూర్చున్నావిడ జాబితాలోంచి బగ్ మాయమైంది. ఆవిడ మళ్ళీ నంబరు కొట్టి లాక్కుంది, ఊళ్ళో కేష్‌లో దించింది. ఇంకో 5,000. ఆయన మళ్ళీ లాక్కున్నాడు. వారంలో నాలుగుసార్లు ఆ బిందె సముద్రం దాటింది, రెండు బిందెలూ ఉన్న ఊరు దాటకుండానే. ఆయన "ఎవరో నంబరు దొంగిలించారు" అని లాగ్‌లో రాశాడు. "వస్తువు నా చేతిలో ఉంది, నన్ను దొంగ అంటారా" అని ఆవిడ. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గొడవ పెట్టింది నేను.

ఇద్దరినీ ఫొటోలు అడిగాను. నంబరు కనబడకుండా బిళ్ళని వేలితో మూసి తీయమన్నాను, బయటపెడితే ఎవరైనా వాడేస్తారు కదా. మా అమ్మాయి రెండూ పెద్దవి చేసి చూసింది. జర్మనీ బిందె అంచున ఆ తెల్ల పెచ్చు.

"అమ్మా, ఇదే నాది."

"రెండోదీ నీదే కదే."

"నాదే. కానీ అది సొరంగంలోంచి రాలేదు కదా!"

పన్నెండేళ్ళ పిల్ల చెప్పినంత సూటిగా ఈ విషయం నాకు ఇంకెవరూ చెప్పలేదు. నంబరు వస్తువుది కాదు, ప్రయాణానిది. ఒక ప్రయాణాన్ని రెండు వస్తువులు మోయలేవు.

ఇద్దరికీ క్షమాపణ రాశాను. ఓరెగాన్ ఆవిడ రెండో బిందెని పోస్టులో వెనక్కి పంపింది, లోపల ఒక చిన్న కార్డు కూడా పెట్టింది. దానికి కొత్త ట్యాగ్ కొని, కొత్త నంబరుతో, సొంత పేజీతో వదిలాం. పాత పేజీలో దొంగ మైళ్ళు తెచ్చిన లాగ్‌లన్నీ తీసేశాను. ట్యాగ్‌కి పెట్టే నాలుగు డబ్బుల దగ్గర పిసినారితనం ఎందుకో నాకు అర్థం కాదు.

మన ఆటలో "పోయింది" అనుకున్నవాటిలో చాలావరకు ఎవరి డ్రాయర్లోనో, కారు డ్యాష్‌బోర్డులోనో, పిల్లల సంచిలోనో ఉంటాయని నా గట్టి నమ్మకం. దొంగలకంటే మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. ఇంకో కారణమూ ఉంది. ఈమధ్య ఎక్కడ చూసినా వేలిగోరంత నానో కేష్‌లే. బగ్ దించుదామన్నా దూరే చోటు లేదు, సంచిలో నెలల తరబడి ఉండిపోతుంది. చేతనైనవాళ్ళు మూత గట్టిగా పడే పెద్ద డబ్బా ఒక్కటి పెట్టండి, మా వాషింగ్టన్ వానకి తడవకుండా.

ఇక అసలు కాయిన్ బీరువాలో దాచుకుని, మొదటి రోజు నుంచీ లామినేట్ ముక్కనే ఊరేగించేవాళ్ళు. ఖరీదైనది, పోతుందని భయం, అర్థం చేసుకోగలను. అలాంటప్పుడు వదలకండి, కేషర్లు కలుసుకునే ఈవెంట్‌కి తీసుకొచ్చి అందరికీ చూపించండి, చూసినవాళ్ళు "డిస్కవర్" లాగ్, అంటే తీసుకోకుండా చూశామని లాగ్, వేసుకుంటారు. కాగితం ముక్క అందుకున్న పిల్లల మొహాలు నేను చూశాను. వాళ్ళు అది మళ్ళీ ఎవరికీ అందించరు, చెత్తలో వేస్తారు. అంతకన్నా ఘోరం, వందల నంబర్ల జాబితా గ్రూపుల్లో పంచుకుని, ఇంట్లో కూర్చుని అన్నీ "చూశాను" అని లాగ్ చేయడం. ఏం చూశారు? అడిగితే మార్స్ మీది పర్సివరెన్స్ రోవర్‌ని చూపిస్తారు, దాని మీదా ఇలాంటి నంబరు కోడ్ ఉంది, దాన్ని కూడా అందరూ ఫొటోలోనే కదా చూసేది అని. నిజమే, అక్కడికి మనం వెళ్ళలేం కాబట్టి. కానీ ఆ కోడ్ ఉన్న పలక ఒక్కటే, ఉన్నది ఒక్క చోటే. దాన్ని అడ్డం పెట్టుకుని నకళ్ళని సమర్థించడం కుదరదు.

మీ కాయిన్ సంగతికి వస్తే, ఎనిమిది నెలలు ఏమంత ఎక్కువ కాదు. పేజీలో ఆఖరి లాగ్ వేసిన మనిషికి మెసేజ్ పెట్టండి, నిందించకుండా, "మీ సంచిలో ఉందేమో ఒకసారి చూస్తారా" అని. ఆ కేష్ పెట్టినవారికీ రాయండి. జవాబు రాకపోతే "మిస్సింగ్" అని గుర్తు పెట్టి రెండేళ్ళు ఆగండి. దొరికినవాళ్ళు నంబరు కొడితే అది దానంతటదే మళ్ళీ మ్యాపు మీదకి వస్తుంది. ఈలోగా చేయి ఊరుకోకపోతే కొత్త నంబరు కొని ఇంకోటి వదలండి. రెండేళ్ళ తర్వాత కూడా పాత నంబరే కావాలంటే, వస్తువు మీద "ఇది నకలు" అని చెరగని సిరాతో రాసి, ఏ తేదీన ఎందుకు వదిలారో పేజీలో మొదటి వాక్యంగా పెట్టండి. అసలుది దొరికిన రోజున నకలుని వెనక్కి తెప్పించుకోండి.

మా బిందె ఇంకా విశాఖ చేరలేదు. ఆఖరి లాగ్ సింగపూర్‌లో పడింది. అటునుంచి విశాఖ వెళ్ళే కేషర్ ఎవరైనా ఇది చదువుతుంటే నాకు మెసేజ్ చేయండి, అది ఏ కేష్‌లో ఉందో చెబుతాను.