కార్గిల్ నుంచి వచ్చి పాతికేళ్లు దాటినా నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ వద్ద పనిచేశారు. ఊరి పక్క క్వారీలో బ్లాస్టింగ్ జరిగితే ఉలిక్కిపడి ఇల్లంతా తిరుగుతారు. రాత్రి మంచాన్ని తలుపుకు ఎదురుగా జరుపుకుని పడుకుంటారు. ఏడాదిగా మందుల షాపులో తెచ్చిన ఆల్ప్రజోలామ్ మాత్ర, రెండు పెగ్గుల రమ్ము ఉంటేనే నిద్ర. ఇప్పుడు ఆ మాత్ర చాలడం లేదు. రెండు వేసుకుంటే కిడ్నీలు దెబ్బతింటాయా?
– ఒక పాఠకుడు, గిద్దలూరు

జవాబు: కిడ్నీల సంగతి తర్వాత. మాత్ర, రమ్ము రెండూ ఒకే రాత్రి పడుతున్నాయన్నదే నన్ను కలవరపెడుతోంది. రెండూ శ్వాసను మందగింపజేసేవే కనుక, మోతాదు పెంచితే నిద్రలోనే ప్రాణం మీదికి రావచ్చు. అలాగని రేపటి నుంచే మాన్పించకండి. అలవాటుపడిన శరీరానికి మాత్ర గానీ మద్యం గానీ హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, కాబట్టి వైద్యుడి పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించాలి. ఆల్ప్రజోలామ్ షెడ్యూల్ హెచ్1 మందు, అంటే చీటీపైనే అమ్మాల్సిన మందుల జాబితాలోనిది; డాక్టర్ చీటీ లేకుండా అమ్మడం ఎంత తప్పో, ఏడాదిపాటు కొని తెచ్చివ్వడమూ అంతే తప్పు.

ఆయనను చూడకుండా జబ్బు నిర్ధారించలేను గానీ, మీరు రాసిన లక్షణాలను బట్టి పీటీఎస్‌డీని, అంటే భయానక అనుభవం తర్వాత మనసును వదలని ఒత్తిడి జబ్బును, అనుమానించాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్నే షెల్ షాక్ (ఫిరంగి గుండ్ల దెబ్బకు కలిగే అదురు) అన్నారు, కొందరు పిరికితనమనీ అన్నారు. వియత్నాంలో పోరాడి వచ్చిన అమెరికా సైనికుల అనుభవం తర్వాత, 1980లో గానీ అమెరికా సైకియాట్రిస్టుల సంఘం దీనిని ఈ పేరుతో జబ్బుల జాబితాలో చేర్చలేదు. ఆ సైనికుల్లో కొందరిని నలభై ఏళ్ల తర్వాత కూడా ఇది వదలలేదు. సర్వీసులో ఉన్నంతకాలం డ్యూటీ, తోటివాళ్ల మధ్య అణిగి ఉన్న జ్ఞాపకాలు, రిటైరై ఇంట్లో కూర్చున్నాక పైకి రావడం మేము చూస్తూనే ఉంటాం. నిద్ర మాత్ర దీనికి చికిత్స కాదు. ఆ జ్ఞాపకాలను నిపుణుల సమక్షంలో ఎదుర్కొనేలా చేసే థెరపీ, అవసరమైతే సెర్ట్రాలిన్ వంటి మందులు పనిచేస్తాయి, ఇన్నేళ్ల తర్వాత మొదలుపెట్టినా సరే.

బతకాలని లేదన్న మాట ఎప్పుడైనా వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు రాత్రీపగలూ పనిచేస్తుంది. అలాంటి మాట రాకపోయినా, వైద్యుడికి చూపించడం ఈ వారం దాటనివ్వకండి. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే పాలీక్లినిక్ నుంచి సైకియాట్రిస్టుకు రిఫరల్ అడగండి. కిడ్నీ, లివర్, షుగర్, థైరాయిడ్ పరీక్షలు వారే రాస్తారు. మాత్రల షీటుతో పాటు మీ అమ్మగారినీ వెంట తీసుకువెళ్లండి. రాత్రుళ్లు ఏం జరుగుతోందో మీకన్నా ఆవిడకే బాగా తెలుస్తుంది.